"మనమే రాసి, వాళ్లకి చూపిద్దాం" అనే ఫార్వర్డ్‌కు జవాబు

ఈమధ్య ఏ సాహిత్య గ్రూపు తెరిచినా అదే మెసేజ్. గోండి లాంటి ఆదివాసీ భాషలకు లిపి లేదట; ఆదివాసులే నడిపే ప్రచురణ సంస్థ ఎక్కడా నిలబడలేదట; ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య) ఖర్చు కూడా వాళ్లు భరించలేరట; ఎదిగే వయసు పిల్లల కష్టాలు ఎక్కడైనా ఒకటే కాబట్టి వాళ్ల నవలలు మనమే రాసి, ఒక ఆదివాసీ మిత్రుడికి చూపిస్తే చాలట. కింద వరసగా చప్పట్లు.

లిపి సంగతి. మసరాం గోండి లిపి 2017లో, మన ఆదిలాబాద్ గుంజాల లిపి 2018లో యూనికోడ్‌లోకి, అంటే కంప్యూటర్లన్నీ అక్షరాలను గుర్తుపట్టే ఉమ్మడి పద్ధతిలోకి, ఎక్కాయి. తెలుగు లిపిలో రాసినా కాదనేవాళ్లు లేరు. చిక్కంతా మన డీటీపీ అలవాటుతోనే: యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టిన ఫైలును ఈబుక్ చేస్తే పిచ్చి గీతలొస్తాయి. మొదట్నుంచీ యూనికోడ్‌లో కొట్టండి, పేజీలు కట్టే ఇన్‌డిజైన్‌లో మన లిపులను సరిగ్గా కూర్చే వరల్డ్-రెడీ కంపోజర్ పెట్టుకోండి. లేదంటే ఒత్తులు విడిపోతాయి.

ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం. తర్వాత?

నిలబడలేదట! ఆదివాసులే నడిపే సంస్థలు కెనడాలో థైటస్ బుక్స్ 1980లో, ఆస్ట్రేలియాలో మగబాల బుక్స్ 1987లో పుట్టాయి, ఇప్పటికీ పుస్తకాలు వేస్తున్నాయి. కోల్‌కతాలో సంతాల్ మహిళ రూబీ హెంబ్రోమ్ 2012లో ఆదివాణి అనే ప్రచురణ సంస్థ మొదలుపెట్టారు.

అసలు విషం ఆఖరి ముక్కలో ఉంది. సరే, రాయండి. కేస్లాపూర్ నాగోబా జాతర, కథానాయిక పెళ్లికాని మెస్రం వంశపు ఆడపిల్ల, ఆమెకు భేటింగ్ చేయించి క్లైమాక్స్ పండించండి. భేటింగ్ అంటే మెస్రం ఇంటి కొత్త కోడళ్లను నాగోబాకు పరిచయం చేయడం మహాప్రభో! అయినా అదొక్క సీను, కొట్టేస్తే పోతుంది. ప్రేమజంట సంగతి అలా కాదు. ఇంటిపేర్లు వేరైతే చాలనుకుని ఇద్దరినీ ఒకే సగలో (కొన్ని ఇంటిపేర్లు కలిసిన గోత్రంలో) పెట్టారనుకోండి, వాళ్లు వరసకు అన్నాచెల్లెళ్లు. గోండు పిల్లల చేతిలో అది ఏం కథ అవుతుందో మీరే ఆలోచించుకోండి. పేజీలన్నీ కట్టాక చూపిస్తే మీ మిత్రుడు మాత్రం ఏం చేస్తాడు? నాలుగు మాటలు దిద్ది, మొహమాటానికి "బాగుంది సార్" అంటాడు. ముందుమాటలో ఆయనకు కృతజ్ఞతలు, శుభం.

ఇవన్నీ కథ అల్లుకునేటప్పుడే తేలాలి. పాత్రల పట్టికలో ప్రతి పేరు పక్కనా ఇంటిపేరు, సగ, ఎవరికెవరు ఏమవుతారో ఉండాలి. దేవుళ్ల కథ వాడుకుంటుంటే గోండుల కథలు పాడే ప్రధాన్లనూ ఊరి పెద్దలనూ ముందే అడగాలి. రెండో ప్రతిని ఊళ్లో పిల్లలకు పైకి చదివి వినిపించాలి. సంభాషణ ఎక్కడ కృతకమో వాళ్ల నవ్వే చెప్పేస్తుంది.

ఇంత చేసినా కథ నడక మారదు. మన కథల్లో ఆదివాసీ పిల్లాడు ఎదగడమంటే ఆశ్రమ పాఠశాల, పట్నం, ఉద్యోగం. థైటస్ 1985లో వేసిన జానెట్ ఆర్మ్‌స్ట్రాంగ్ నవల 'స్లాష్'లో కుర్రాడు జైలూ, ఉద్యమాలూ చూసొచ్చి తన నేలమీదే మనిషవుతాడు. ఇది ప్రూఫులు దిద్దితే వచ్చేది కాదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి: సొంత సంస్థ ఒక్కటే దారి కాదు. 2022లో అమెరికాలో టీనేజీ పుస్తకాలకిచ్చే ప్రింట్జ్ అవార్డు అందుకున్న ఒజిబ్వే తెగ రచయిత్రి ఏంజెలిన్ బౌలీ నవల వేసింది న్యూయార్క్ పెద్ద సంస్థే. హార్పర్‌కాలిన్స్‌లో హార్ట్‌డ్రమ్ అనే విభాగం ఉంది, అక్కడ పుస్తకాల ఎంపిక మస్కోగీ తెగ రచయిత్రి సింథియా లైటిక్ స్మిత్‌ది. కాబట్టి ఆ మెసేజ్ రాసినాయనకు నిజంగా అంత ఆరాటముంటే, తెలుగు ప్రచురణకర్తల్లో ఎవరినైనా ఒక గోండు ఎడిటర్‌ను పెట్టుకోమనండి. మిత్రుడిగా కాదు, నెల జీతానికి.