రికార్డు బొమ్మకు మార్కులొస్తాయి, పేరు గుర్తుండదు

కర్నూలులో మెడికల్ కాలేజీ 1956లో మొదలైంది. ఈ ఊరికి డాక్టరు చదువు, నర్సింగ్ చదువు కొత్త కాదు. తెలుగు మీడియం పిల్లలకు మొదటి ఏడాది ఇంగ్లిష్ వైద్య పదాలతో పట్టుకునే టెన్షన్ మాత్రం ఇంకా పాతబడలేదు.

మా వీధిలో ఎమ్మిగనూరు వైపు పల్లె నుంచి వచ్చి నర్సింగ్ చదువుతున్న అమ్మాయి ఉంది. అర్ధరాత్రి దాకా స్కెచ్ పెన్నులతో రికార్డు నింపుతుంది. చెవి బొమ్మ అచ్చు పుస్తకంలో ఉన్నట్టే వేసింది. రికార్డు మూసేసి, లోపలి మూడు ఎముకల పేర్లు అడిగితే నీళ్లు నమిలింది. "బొమ్మ చూసి దించాను పెదనాన్నా, పేర్లు ఇంకా బట్టీ పట్టలేదు" అంది.

బొమ్మలతో చదువు అంటే మనవాళ్లు ఈ రికార్డే అనుకుంటారు. నా గొడవంతా అక్కడే. చూసి దించడం చేతికి పని, బుర్రకు కాదు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ప్రచురించిన ప్రయోగాల్లో, పదేపదే రాసిన మాటల కంటే బొమ్మగా గీసిన మాటలే ఎక్కువగా గుర్తున్నాయి. బొమ్మ వంకరగా వచ్చినా ఫరవాలేదట. అవి మామూలు మాటలే, వైద్య పదాలు కావు. అయితే వైద్య పదాలకు ఇంకో సౌకర్యం ఉంది: వాటిలో చాలా పేర్లు ఆకారం చూసి పెట్టినవే.

చెవి లోపలి చుట్ట కాక్లియా, అంటే నత్త. ఆ మూడు ఎముకల్లో మాలియస్ సుత్తి, ఇంకస్ దాగలి, స్టేపిస్ రికాబు. చెవిలో కమ్మరి కొలిమి ఉంది, పక్కనే గుర్రమెక్కడానికి రికాబూ ఉంది! లాటిన్‌లో పటెల్లా అంటే చిన్న పళ్లెం. మనమూ మోకాలి చిప్ప అనే అంటాం. వాళ్లు టింపానం అని డప్పును తలచుకుంటే, మనం కర్ణభేరి అన్నాం. వెన్నెముకలో పూసలను చూసింది మాత్రం మనవాళ్లే. ఈ సంగతి క్లాసులో ఎవరైనా చెప్తే, పిల్లలు ఆ సుత్తినీ నత్తనూ రఫ్ నోట్సులో తామే గీసుకుంటారు.

తెలుగు లిపిలో రాసుకునేవాళ్లకు బొమ్మ మరీ అవసరం. చిన్నపేగు చివరి భాగం ఇలియం, తుంటి ఎముక పైభాగమూ ఇలియమే. ఇంగ్లిష్ స్పెల్లింగులో మూడో అక్షరం ఒక్కటే తేడా: పేగుకు ఈ (e), ఎముకకు ఐ (i). మెలికలున్న e అక్షరాన్ని పేగులా చుట్టి, నిటారుగా ఉన్న ఐని ఎముకలా గీసుకుంటే చాలు.

తక్కువ అని చెప్పే హైపో, ఎక్కువ అని చెప్పే హైపర్ దగ్గర మాత్రం కిందికో పైకో బాణం గుర్తు వేయడం తప్ప నాకేమీ తోచలేదు. ఆ అమ్మాయి ఒకదానికి మూలనపడ్డ చేతిపంపు, ఇంకోదానికి పొంగిపోయే పాలగిన్నె గీసుకుంది.