మారథాన్ ఆఖరి వారం: చెన్నై గాలికి తగ్గ టైమ్ పెట్టుకుందాం

ఈ మధ్య ఏళ్లలో చెన్నై మారథాన్ జనవరి మొదటి వారంలో జరుగుతోంది. దానికి పది రోజుల ముందు నుంచే ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ (ఓల్డ్ మహాబలిపురం రోడ్డు) పొడవునా ఉన్న తెలుగు రన్నర్ల వాట్సాప్ గ్రూపుల్లో ప్రశ్నలు మొదలవుతాయి. కొత్త షూ వేసుకోవచ్చా? ముందురోజు రాత్రి ఏం తినాలి? బిబ్ (ఛాతీకి తగిలించుకునే రన్నర్ నంబరు కాగితం) తెచ్చిపెట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇంకొక్క ముప్పై కిలోమీటర్లు కొడితే ధైర్యంగా ఉంటుందా? ఇవన్నీ అడగాల్సినవే. కానీ అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్నను దాదాపు ఎవరూ అడగరు: నేను పెట్టుకున్న టైమ్ ఈ ఊరి గాలిలో సాధ్యమేనా?

ఆఖరి వారంలో రన్నర్ చేయాల్సిన అతిముఖ్యమైన పని తన లక్ష్యాన్ని చెన్నై వాతావరణానికి తగ్గట్టు సవరించుకోవడమే. తిండి, నిద్ర, షూ అన్నీ దాని తరవాతే. మనం చదివే శిక్షణ ప్రణాళికల్లో ఎక్కువ భాగం లండన్, బెర్లిన్, బోస్టన్ లాంటి చల్లటి ఊళ్లను మనసులో పెట్టుకుని రాసినవి. వాటిని అక్షరం పొల్లుపోకుండా ఇక్కడ పాటించినవాళ్లు ముప్పయ్యో కిలోమీటరు దాటాక ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) పక్కన పిక్కలు పట్టుకుని కూర్చోవడం ఏటా కనిపిస్తుంది. వాళ్ల కాళ్లలో బలం లేక అలా జరగడం లేదు.

ముందు ఆ ముప్పై కిలోమీటర్ల సంగతి తేల్చేద్దాం. అలాంటి లాంగ్ రన్ (సుదూర పరుగు) ఒకటి చేస్తే దాని ఫలితం ఒంటికి పట్టడానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. రేసుకు వారం ముందు చేసిన లాంగ్ రన్ బలం రేసు అయిపోయాక వస్తుంది, అలసట మాత్రం రేసు రోజున మనతోనే ఉంటుంది. అందుకే రెండు మూడు వారాల ముందు నుంచి దూరాన్ని క్రమంగా తగ్గించి, ఆఖరికి మామూలుగా పరిగెత్తే దాంట్లో సగానికి తేవాలి. వేగం మాత్రం పూర్తిగా వదిలేయకూడదు. వారంలో ఒకసారి రేసు వేగంతో నాలుగైదు కిలోమీటర్లు పరిగెత్తితే కాళ్లు మొద్దుబారవు. రన్నర్లు టేపర్ అనేది దీన్నే.

ఇది అందరికీ తెలిసిన విషయమే, అయినా చెన్నైలో పాటించడం కష్టం. దానికి కారణం ఈశాన్య రుతుపవనాలు. సరిగ్గా శిక్షణ ముమ్మరంగా సాగాల్సిన అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే ఇక్కడ వానలు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటే ముందు చెన్నైని ముంచి వెళ్లింది. వేళచ్చేరి, పళ్లికరణై వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చినవాళ్లకు ఇక పరుగెక్కడిది? మారథాన్ చూస్తే మరుసటి నెలలోనే. అలా పోయిన వారాలను ఆఖర్లో పూడ్చుకోవాలన్న ఆరాటం సహజం. మన తెలుగువాళ్లకు ఈ జబ్బు ఇంకాస్త ఎక్కువ. ఇంటర్ పరీక్షకు ముందురాత్రి తెల్లవార్లూ మేల్కొని సిలబస్ పూర్తిచేసి ర్యాంకు తెచ్చుకున్న తరం మనది. ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు. పోయిన లాంగ్ రన్ పోయినట్టే.

షోలింగనల్లూరులో ఉండే నెల్లూరు కుర్రాడొకడు కిందటి సీజన్‌లో రేసుకు ముందు శుక్రవారం తన గదికి పిలిచాడు. మంచం మీద అన్నీ పరిచి పెట్టాడు: బిబ్, నాలుగు పిన్నీసులు, పరుగులో శక్తి కోసం తీసుకునే జెల్ ప్యాకెట్లు ఆరు, ఖర్జూరాలు, ఓఆర్ఎస్ పొడి, వాజలిన్ డబ్బా, ఒకసారి ఉతికిన మేజోళ్లు. ఏర్పాటులో వంక పెట్టడానికేమీ లేదు. గోళ్లు కూడా రెండు రోజుల ముందే తీసుకున్నాడు, ముందురోజు తీస్తే వేళ్ల చివర్లు నొప్పెడతాయని. చేతికి కట్టుకునే పట్టీ మీద మాత్రం కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్ల (5:41) చొప్పున లెక్కలు రాసుకున్నాడు. నాలుగు గంటల్లోపు పూర్తిచేయాలంటే ఆ వేగం కావాలి. "ఎక్కడ పరిగెత్తావు ఈ పేస్‌తో?" అని అడిగాను. "ఆఫీసు జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద, అన్నా. వానలు కదా" అన్నాడు.

ఏసీ గదిలో చేసిన 5:41, చెన్నై రోడ్డు మీద 5:41 ఒకటి కావు. మారథాన్‌కు బాగా అనువైన ఉష్ణోగ్రత సుమారు 7 నుంచి 12 డిగ్రీలు. జనవరిలో చెన్నై కనిష్ఠ ఉష్ణోగ్రతే 21 డిగ్రీల దగ్గర ఉంటుంది. దానికి మించిన చిక్కు తేమ. తెల్లవారుజామున గాలిలో తేమ 80 శాతం పైనే. పరిగెత్తేటప్పుడు ఒంట్లో పుట్టే వేడి బయటికి పోయే ముఖ్యమైన దారి చెమట ఆరడం. తేమ గాలిలో చెమట ఆరదు, కారిపోతుంది. చెమట పోతుంది కానీ ఒళ్లు చల్లబడదు. అప్పుడు గుండె రెండు పనులు ఒకేసారి చేయాలి: కండరాలకు రక్తం పంపాలి, చల్లబరచడానికి చర్మానికీ పంపాలి. అదే వేగానికి గుండె నిమిషానికి ఇంకొన్ని సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. మొదటి పది కిలోమీటర్లలో ఇది తెలియదు, అందులోనే ప్రమాదం ఉంది.

తరవాత సూర్యుడి వంతు. జనవరి మొదట్లో ఇక్కడ సూర్యోదయం 6:30 ప్రాంతంలో. రేసు మొదలయ్యే నేపియర్ వంతెన దగ్గర తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి ఐదు గంటల్లో పూర్తిచేసేవాళ్లు సుమారు రెండున్నర గంటలు ఎండలో ఉంటారు. అది కూడా ఆఖరి రెండున్నర గంటలు. మూడు గంటల్లో పూర్తిచేసే చురుకైన రన్నర్లకు ఎండ అరగంటకు మించి తగలదు. అంటే ఈ నగరంలో మారథాన్ నెమ్మదిగా పరిగెత్తేవాళ్లకే ఎక్కువ కష్టం, మనలో అత్యధికులం ఆ జాబితాలోనే ఉన్నాం.

హైదరాబాద్ నుంచి శుక్రవారం చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చే మిత్రుల గురించి నాకు ప్రత్యేకంగా బెంగ. వాళ్లు డిసెంబరంతా 15 డిగ్రీల పొడి చలిలో, కేబీఆర్ పార్క్ చుట్టూ, నెక్లెస్ రోడ్డు మీద హాయిగా శిక్షణ పొంది వస్తారు. ఉక్కకు ఒళ్లు అలవాటు పడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు కావాలి. ఒక రోజు ముందు రావడం వల్ల ఆ విషయంలో లాభం లేదు. వాళ్లు మిగతావాళ్లకంటే ఇంకాస్త వేగం తగ్గించుకోవాలి.

ఎంత? నా లెక్క అడిగితే, చెన్నైలోనే శిక్షణ పొందినవాళ్లు ట్రెడ్‌మిల్ వేగానికో చలి ఊళ్లో సాధించిన వేగానికో కిలోమీటరుకు 15 నుంచి 20 సెకన్లు కలుపుకోవాలి. మొత్తం మీద అది పది నుంచి పద్నాలుగు నిమిషాలు. నెల్లూరు కుర్రాడు ఆ మాట వినగానే ముఖం మాడ్చుకున్నాడు. అయినా పట్టీ తీసి 5:58తో మళ్లీ రాసుకున్నాడు. ఆ సంఖ్య రాసుకోవడానికి ఆఖరి వారమే సరైన సమయం. స్టార్ట్ దగ్గర డ్రమ్ములు మోగుతుంటే, పక్కవాళ్లు దూసుకుపోతుంటే ఎవరూ లెక్క మార్చుకోలేరు.

నీళ్ల విషయంలో ఇక్కడ రెండు వైపులా ప్రమాదముంది. ఉక్కలో గంటకు లీటరు చెమట పోవడం మామూలే, కొందరికి అంతకంటే ఎక్కువ. దానికి భయపడి శనివారమంతా సీసాల కొద్దీ నీళ్లు తాగేవాళ్లున్నారు. రక్తంలో ఉప్పు పలచబడితే అది డీహైడ్రేషన్ కంటే త్వరగా ప్రాణం మీదికి తేగలదు. 2002 బోస్టన్ మారథాన్‌లో ముగింపు దగ్గర 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తక్కువగా ఉంది. వాళ్లలో చాలామంది పరుగులో బరువు తగ్గాల్సింది పోయి పెరిగారు. అవసరానికి మించి తాగడమే దానికి పెద్ద కారణమని తేలింది. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే చాలు, నీళ్లలా తెల్లగా ఉండనక్కర్లేదు. ఉప్పు వేసిన మజ్జిగ, భోజనంలో కాస్త ఊరగాయ, రేసులో దాహాన్ని బట్టి ఓఆర్ఎస్, నీళ్లు. మన వంటింట్లోనే ఉన్న ఉపాయమిది.

ఇక కార్బో లోడింగ్, అంటే రేసుకు ముందు పిండిపదార్థం ఎక్కువగా తిని ఒంట్లో నిల్వ పెంచుకోవడం. ఈ పేరుతో శనివారం రాత్రి బిర్యానీకి వెళ్లడం మన గ్రూపుల్లో సంప్రదాయంగా మారిపోయింది. దయచేసి మానండి. పిండిపదార్థం నుంచి తయారై కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ ఇచ్చే శక్తి సుమారు 2,000 కేలరీలు. 60 కిలోల మనిషికి 42.195 కిలోమీటర్ల పరుగుకు 2,500 దాకా కావాలి. అందుకే రేసుకు ముందు ఒకటిన్నర రెండు రోజులు ఆ నిల్వ నింపుకోవాలి, దారిలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం జెల్ రూపంలోనో అరటిపండు రూపంలోనో తీసుకోవాలి. క్రీడా పోషకాహార నిపుణులు చెప్పేది కిలో బరువుకు రోజుకు 10 నుంచి 12 గ్రాముల పిండిపదార్థం. 8 గ్రాములతో సరిపెట్టుకున్నా 60 కిలోల మనిషికి 480 గ్రాములు. వండిన అన్నం వంద గ్రాముల్లో ఉండేది 28 గ్రాములే, అంటే అన్నంతోనే ఆ లెక్క తీరాలంటే రోజుకు కిలోన్నర పైనే తినాలి. ఒక్క రాత్రి బిర్యానీతో తీరే లెక్కా ఇది? పైగా బిర్యానీలో నూనె, మసాలా. శుక్రవారం నుంచే పూటపూటకూ విడదీసి ఇడ్లీ, తెల్లన్నం, పెరుగన్నం, అరటిపళ్లు, బెల్లం, పళ్లరసం తీసుకుంటే కడుపు మీద భారం పడదు. ఆకుకూరలు, గోంగూర, చిక్కుడు లాంటివి ఆ రెండు రోజులూ పక్కన పెట్టాలి. మామూలు రోజుల్లో అవి ఎంతో మంచివి, రేసు రోజున అదే పీచు టాయిలెట్ ముందు వరుసలో నిలబెడుతుంది. కిలో బరువు పెరిగితే కంగారు పడొద్దు, గ్లైకోజెన్‌తో పాటు నీళ్లూ నిల్వ అవుతాయి.

అది ధనుర్మాసం కూడా. తెల్లవారుజామున ట్రిప్లికేన్, మైలాపూర్ వీధుల గుండా పరిగెడుతుంటే వాకిళ్లలో ముగ్గులు, గుడిలోంచి తిరుప్పావై, దొన్నెల్లో నెయ్యి కారే పొంగలి. శిక్షణ ఏడాదిలో ఎప్పుడైనా చేయొచ్చు గానీ ఈ నెల అందం వేరు. రేసుకు ముందురోజు మాత్రం ఆ నెయ్యి పొంగలి ఒక ముద్దతో ఆపేయాలి, కొవ్వు అరగడానికి చాలా సేపు పడుతుంది.

నాలుగింటి స్టార్ట్ నిద్ర లెక్కను మొత్తం తలకిందులు చేస్తుంది. రెండు గంటల ముందు ఏదో ఒకటి తినాలంటే ఒకటిన్నరకే లేవాలి. ఓఎంఆర్ మీద పనిచేసే మనవాళ్లలో సగం మంది అమెరికా కాల్స్ ముగించి పడుకునే సమయం దాదాపు అదే. రేసు ముందురాత్రి నిద్ర ఎలాగూ సరిగ్గా పట్టదు, దాని గురించి దిగులు అక్కర్లేదు కూడా. ముఖ్యమైనది అంతకు ముందు నాలుగు రాత్రులు. మంగళవారం నుంచి రోజుకు అరగంట చొప్పున ముందు పడుకోవాలి, ఆ వారానికి రాత్రి కాల్స్ సహోద్యోగులతో మార్చుకోవాలి. నా దృష్టిలో కొత్త షూకు పెట్టే పదిహేను వేలకంటే ఈ ఒక్క ఏర్పాటు ఎక్కువ మేలు చేస్తుంది.

జ్వరం గురించి మెత్తగా చెప్పడం కుదరదు. వానలు వెళ్లాక చెన్నైలో వైరల్ జ్వరాలు, డెంగీ తగ్గడానికి టైమ్ పడుతుంది. ఆ వారంలో జ్వరం వస్తే పరుగు మానేయాలి. ముక్కు కారితే ఒక మాట; ఒళ్లునొప్పులు, జ్వరం, ఛాతీలో ఇబ్బంది ఉంటే వేరే ఆలోచన పెట్టుకోకూడదు. వైరల్ జ్వరంతో గుండె కండరం వాచే అవకాశముంది, అలాంటి గుండెతో నాలుగైదు గంటలు పరిగెత్తకూడదు. అమెరికాలో 2000 నుంచి 2010 దాకా మారథాన్, హాఫ్ మారథాన్ పరిగెత్తిన 1.09 కోట్ల మందిలో గుండె ఆగింది 59 మందికి. చాలా అరుదు, నిజమే. ఆ అరుదైన వరుసలోకి మనమే తెలిసి తెలిసి నడిచి వెళ్లనక్కర్లేదు. అలాగే మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ముందుజాగ్రత్తగా మింగి పరిగెత్తడం మానాలి. చెమట పోయి రక్తప్రసరణ తగ్గిన మూత్రపిండాల మీద అవి నేరుగా దెబ్బకొడతాయి.

గ్రూపుల్లో ఆ వారం కనిపించే "బిబ్ ఉంది, ఎవరికైనా కావాలా" అనే సందేశాలు నన్ను నిజంగా కలవరపెడతాయి. బిబ్ వెనక రక్తం గ్రూపు, అత్యవసరంగా ఫోన్ చేయాల్సిన నంబరు రాసే గళ్లుంటాయి. ఇంకొకరి బిబ్‌తో పరిగెత్తే మనిషి పడిపోతే వైద్య సిబ్బంది చేతిలో ఉండేది వేరే మనిషి వయసు, వేరే మనిషి పేరు. ఫోన్ వెళ్లేది వేరే ఇంటికి. డబ్బు పోతే పోయింది, బిబ్ మాత్రం ఇవ్వొద్దు. మన బిబ్ వెనక ఆ గళ్లు నింపడానికి ఒక నిమిషం పడుతుంది, అవి ఖాళీగా ఉన్న బిబ్‌లే నాకు ఎక్కువగా కనిపిస్తాయి.

నిర్వాహకుల బాధ్యత కూడా ఉంది. 2007 అక్టోబరులో షికాగో మారథాన్‌ను ఎండ కారణంగా మధ్యలోనే ఆపేశారు, అప్పుడు అక్కడ ఉష్ణోగ్రత 31 డిగ్రీల దగ్గరికి చేరింది. మన జనవరి మధ్యాహ్నాలకు అదేమంత దూరం కాదు. ఇక్కడివాళ్ల ఒళ్లు వేడికి అలవాటు పడినదే అయినా ప్రమాదం లేదనడానికి వీల్లేదు. షికాగో లాంటి చోట్ల రేసు రోజు పరిస్థితిని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, నలుపు రంగులతో దారి పొడవునా తెలియజేస్తారు. మన నగరాల్లో ప్రతి పెద్ద మారథాన్‌కూ ఇది రావాలి. బిబ్ కవరులో స్పాన్సర్ల కూపన్లు పెట్టడం ఉండనే ఉంది. వాటితో పాటు ఆ ఉదయం ఉండబోయే ఉష్ణోగ్రత, తేమ, సూర్యోదయ సమయం, నీడ లేని కిలోమీటర్లు, నీళ్లూ ఓఆర్ఎస్ దొరికే చోట్లు, వైద్య శిబిరాలు రాసిన ఒక కాగితం పెట్టడానికి అయ్యే ఖర్చు ఎంత? రన్నింగ్ గ్రూపులు ఈ కాగితాన్ని రిజిస్ట్రేషన్లు మొదలైన రోజే నిర్వాహకులను అడగాలి. ఎంట్రీ ఫీజు కట్టేది వాళ్లే కాబట్టి అడిగే హక్కూ వాళ్లకే ఉంది.