ఇంజిన్ బుసకొడుతుంటే శ్రీశైలం బయలుదేరొచ్చా?

విజయవాడలో శుక్రవారం సాయంత్రం. వాకిట్లో 8 ఏళ్ల పెట్రోల్ కారు, బానెట్ ఎత్తి ఉంది. తెల్లారితే శ్రీశైలం ప్రయాణం. నెల నుంచి ఇంజిన్‌లోంచి సుయ్‌మని చప్పుడు. బావ వెళ్దామంటాడు, బావమరిది శీను ఆగమంటాడు.

బావ: ఒరేయ్ శీనూ, కారు నడుస్తోంది, వేడెక్కడం లేదు, డాష్‌బోర్డు మీద ఒక్క లైటూ వెలగలేదు. చప్పుడొక్కటేగా. సోమవారం షెడ్డుకి పంపిస్తాను, ఇప్పుడు దాన్ని కెలకొద్దు.

శీను: లైటు వెలగలేదని ఏమీ లేదనుకోకు బావా. ఎక్కడో గాలి దూరుతుంటే చాలా కార్లలో కంప్యూటర్ దానికి తగ్గట్టు పెట్రోల్ పెంచి కొన్నాళ్లు నెట్టుకొస్తుంది, ఇక సర్దలేనప్పుడే లైటు వేస్తుంది. మైలేజీ తగ్గిందని నువ్వే అన్నావుగా.

బావ: అది ఏసీ వల్ల. ఈ చప్పుడూ ఏసీదే అయ్యుంటుంది. ఇంజిన్ ఆపాక డాష్‌బోర్డు వెనక ఉస్‌మంటుంది చూడు, గ్యాస్ సర్దుకోవడమేనట, భయం లేదట.

శీను: అది నిజమే. కానీ ఇది ఆపాక వచ్చేది కాదు. ఏసీ కట్టేశాను, విను. బండి ఆగి ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు, అదే ఐడ్లింగ్‌లో, సుయ్‌మంటోంది, యాక్సిలరేటర్ తొక్కితే తగ్గుతోంది. పెట్రోల్ ఇంజిన్‌లో కాలు తీసేసినప్పుడు గాలి దారి దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి ఇంజిన్‌లోకి గాలి పంచే ఇంటేక్ మానిఫోల్డ్‌లో పీల్పు అప్పుడే ఎక్కువ, చిన్న పగులున్నా అక్కడినుంచి గాలి లాగేస్తుంది. అదే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో ఉన్న డీజిల్ బండి తొక్కినప్పుడు బుసకొడితే టర్బో గొట్టం చిరిగిందేమో చూడాలి, నల్లపొగ, పికప్ తగ్గడం కూడా ఉంటాయి.

బావ: కూలెంట్ కారి ఆవిరవుతోందేమో.

శీను: అదీ చూశాను. పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు డబ్బాలో కూలెంట్ గీతల మధ్యే ఉంది, కింద మరక లేదు, తియ్యటి వాసన లేదు. అదైతే వేడెక్కాక మొదలవుతుంది, ఇది స్టార్ట్ చేసిన క్షణం నుంచే ఉంది. (అనుమానం ఉన్నా సరే, వేడి మీద రేడియేటర్ మూత మాత్రం ఎవరూ తియ్యకూడదు, మరుగుతున్న నీళ్లు మొహం మీదికి ఎగదన్నుతాయి.)

బావ: సరే, గాలి లీకే అనుకుందాం. రోజూ పది ఇంజిన్లు వినేవాడికి తెలిసినట్టు మనకి తెలుస్తుందా? తిరిగే బెల్టు దగ్గర వేళ్లు పెట్టావంటే రేపు గుడికి కాదు, ఆసుపత్రికి వెళ్లాలి. షెడ్లలో కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి వెతకడం చూశాను, వేడి ఎగ్జాస్ట్ గొట్టం మీద పడితే భగ్గున అంటుకోదూ?

శీను: స్ప్రే విషయంలో నీ మాటే నా మాట, అది వద్దు. ఇదిగో రబ్బరు గొట్టం. ఒక కొస చెవి దగ్గర, రెండో కొస పైపుల వెంబడి నెమ్మదిగా జరుపుతాను, ఫ్యాను, బెల్టు వైపు పోను. మొన్న షెడ్డులో ప్లగ్గులు, బెల్టు మార్చి 4 వేలు తీసుకున్నారు, చప్పుడు పోయిందా?

బావ: పోలేదు. వాళ్లకే దొరకనిది నీకు దొరుకుతుందా మరి?

శీను: వాళ్లు వెతకలేదు బావా, తోచింది మార్చేశారు. కూర్చుని ఒకసారి బ్రేకు తొక్కు. ఆఁ, సుయ్ మారింది. పెడల్ ఎలా ఉంది?

బావ: కాస్త గట్టిగా ఉంది. కొన్నాళ్లుగా అంతే, అలవాటైపోయింది.

శీను: నాకు ఆ అలవాటే భయంగా ఉంది. బ్రేకు బూస్టర్ నీ కాలికి సాయం చేసేది ఆ మానిఫోల్డ్ పీల్పుతోనే. అది తగ్గితే బ్రేకు పడుతుంది, కాదనను, కానీ కాలి బలమంతా పెట్టి తొక్కాలి. దోర్నాల దాటితే దాదాపు 50 కిలోమీటర్లు నల్లమల అడవిలో మలుపులు, ఘాట్లు. వెనక సీట్లో అక్క, పిల్లలు. రా, ఇది చూడు. బూస్టర్‌కి వెళ్లే గొట్టం, క్లిప్పు పక్కన, వంచితేనే కనబడుతోంది, గోరంత చీలిక. రబ్బరు ఎండి పెళుసెక్కింది. వేలు అడ్డం పెట్టగానే చప్పుడు ఆగింది, ఇంజిన్ కుదుటపడింది.

బావ: ఇంతేనా! ఇన్సులేషన్ టేపు నాలుగు చుట్లు చుట్టు, సరిపోతుంది.

శీను: ఆ వేడికి జిగురు కరిగి టేపు జారిపోతుంది, అదీ ఘాట్ మీద. మామూలు నీళ్ల పైపు వేసినా పీల్పుకి నొక్కుకుపోతుంది. ఆటోనగర్ వెళ్లి ఈ మోడల్‌దే తెద్దాం, దీంట్లో ఉండే వన్‌వే వాల్వు తిరగబడకుండా బిగించాలి.

బావ: గొట్టం తెద్దాం. కానీ బిగించేది మేస్త్రీయే, కారు కంప్యూటర్‌లో లోపాలు చదివే స్కానర్ కూడా పెట్టిస్తాను. నువ్వు కనిపెట్టిందొక్కటే లీకని ఏం నమ్మకం? ఇంకోటి ఉండొచ్చు.

శీను: ఉండొచ్చు, అది మాత్రం కాదనలేను. పద. అయితే డబ్బులిచ్చే ముందు ఒక్కటి నువ్వే చెయ్యి. ఇంజిన్ ఆపి బ్రేకు ఐదారుసార్లు తొక్కితే పెడల్ రాయిలా అవుతుంది. అలాగే తొక్కిపట్టి స్టార్ట్ చెయ్యి.

బావ: చేస్తే?

శీను: పెడల్ నీ కాలి కింద కొద్దిగా దిగాలి. దిగలేదనుకో, పొద్దున్నే బస్టాండుకి వెళ్దాం.