సినిమా చెట్టు కింద లెక్క రాసుకుందాం

2024 ఆగస్టులో కొవ్వూరు పక్కన కుమారదేవం దగ్గర గోదావరి గట్టు మీది నిద్రగన్నేరు కూలిపోతే, ఇంట్లో పెద్దదిక్కు పోయినట్టు బాధపడ్డారు ఆ చుట్టుపక్కల జనం. నూటయాభై ఏళ్ళ మాను అది. దాన్ని నిద్రగన్నేరు అన్నవాళ్ళు తక్కువ, సినిమా చెట్టు అన్నవాళ్ళే ఎక్కువ. తర్వాత చికిత్స చేస్తే మోడు మళ్ళీ చిగురు వేసింది. ఆ నీడన 300 పైచిలుకు సినిమాలు తీశారని అందరం చెప్పుకుంటాం. అయితే ఆ సినిమాలేవి? ఏ ఏడాదివి? ఏ సీను, ఏ పాట అక్కడ తీశారు? పడవ వేసింది ఎవరు, వంట చేసింది ఎవరు, ఇల్లు ఇచ్చింది ఎవరు? కొవ్వూరు తన సినిమా చరిత్రకు పండుగ చేసుకోవాలని, 2027 పుష్కరాలకు జనం వచ్చేలోపే చేసుకోవాలని మేము కోరుతున్నాం. ఆ పండుగ ఫ్లెక్సీలతో కాకుండా ఈ ప్రశ్నలకు జవాబులు రాసిన పట్టికతో మొదలవ్వాలి.

ఈ తీరానికి గర్వపడే హక్కు ఉంది. అవతలి ఒడ్డున రాజమండ్రిలో 1936లోనే నిడమర్తి సూరయ్య దుర్గా సినీటోన్ పెట్టారు. ఆంధ్రదేశంలో తొలి స్టూడియోగా దానికి పేరు. ఆదుర్తి సుబ్బారావు పుట్టింది రాజమండ్రిలో, ముళ్ళపూడి వెంకటరమణ పుట్టింది ధవళేశ్వరంలో. బాపు తొలి చిత్రం 'సాక్షి' 1967లో వచ్చింది. ఆత్రేయపురం దగ్గరి పులిదిండిని ఆ సినిమాలో ఇప్పటికీ చూడొచ్చు.

కెమెరాలు ఇక్కడికే ఎందుకు వచ్చాయో ముందు మన పిల్లలకు తెలియాలి. దిగువన ధవళేశ్వరం ఆనకట్ట నీటిని నిలబెడుతుంది కాబట్టి కొవ్వూరు, రాజమండ్రి మధ్య వేసవిలోనూ పడవ ఆడుతుంది. ఇక్కడ నది ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. అందువల్ల కొవ్వూరు ఒడ్డున నిలబడితే సూర్యోదయం నీళ్ళ మీద, రాజమండ్రి ఒడ్డున నిలబడితే సూర్యాస్తమయం నీళ్ళ మీద కనిపిస్తాయి. ఇక నడిమధ్యాహ్నపు ఎండ నటుల కళ్ళ కింద నల్లటి నీడలు పెడుతుంది. నిద్రగన్నేరు లాంటి గొడుగు చెట్టు కింద ఆ బాధ ఉండదు, రిఫ్లెక్టరుతో కాస్త వెలుగు తిప్పితే మధ్యాహ్నమూ షాట్లు తీసుకోవచ్చు.

పట్టికకు నది మీది వంతెనలే గడియారం. హేవలాక్ వంతెన 1900 నాటిది. రోడ్డు కం రైలు వంతెన 1974లో వచ్చింది. విల్లు ఆకారపు ఆర్చి వంతెన 1997 నాటిది. నాలుగోది 2015లో మొదలైంది. ఫ్రేములో ఆర్చి కనిపిస్తే ఆ షాట్ తొంభైల ముందుది కాదు. నది పొడవునా హేవలాక్ ఒక్కటే ఉంటే 1974కు ముందుదయ్యే అవకాశం ఎక్కువ. ఇందులో తప్పటడుగులూ ఉన్నాయి. కెమెరా వంతెనలకు వీపు పెట్టి తిరిగి ఉంటే ఏ వంతెనా కనిపించదు, అంతమాత్రాన అప్పటికి వంతెనలు లేవని రాయకూడదు. ఆ రోజుల్లో దూరపు షాట్లు నదిలో తీసి, పడవలో ముఖాలు మద్రాసు స్టూడియోలో వెనక తెర మీద నది బొమ్మ ఆడించి తీయడం మామూలే. పడవ కదులుతున్నా నటి ముంగురులు కదలకుండా, వెనక నీళ్ళు మసకగా ఉంటే ఆ షాట్ మన రేవుది కాదని అనుమానించాలి. అందుకే ప్రతి షాట్‌నూ కాగితం మీద ప్రింటు తీసుకుని గట్టుకు వెళ్ళాలి. గుడి గోపురం, వంతెన స్తంభం, గట్టు వంపు ఈ మూడూ కాగితంలో ఉన్నట్టే కళ్ళముందు వరుసకు వచ్చేదాకా నడవాలి. రెండు గుర్తులు సరిపోలితే 'కావచ్చు' అని, మూడూ సరిపోలితేనే 'ఇక్కడే' అని రాయాలి.

చూసినవాళ్ళను అడగడానికీ ఒక పద్ధతి ఉంది. నలుగురు పెద్దలను ఒకచోట కూర్చోబెట్టి అడిగితే గట్టిగా మాట్లాడేవారి మాటే మిగిలినవాళ్ళ జ్ఞాపకమైపోతుంది. ఒక్కొక్కరినే, ఫ్యాను ఆపిన గదిలో, సినిమాలోని బొమ్మ చేతికిచ్చి అడగాలి. 'ఏ సంవత్సరం?' అంటే ఎవరూ చెప్పలేరు. 'పుష్కరాలకు ముందా, తర్వాతా?' అంటే చెప్పేస్తారు. 1967, 1979, 1991, 2003 పుష్కరాలు, 1986 వరద ఈ ఒడ్డున ఎవరూ మరిచిపోని గుర్తులు. హీరో గురించి అందరూ అడుగుతారు. మనం మాత్రం రోజుకూలి ఎంత, పడవకు బాడుగ ఎంత, యూనిట్ ఎక్కడ దిగింది, చీకటి పడ్డాక జనరేటర్ ఎక్కడ పెట్టారు అని అడగాలి. గుంపులో నిలబడిన ఆడవాళ్ళకు ఎంత ఇచ్చారో తప్పకుండా అడగాలి. తెర మీద పేర్లు పడినప్పుడు వీళ్ళలో ఒక్కరి పేరూ పడలేదు. ఊరు చేసే పండుగలోనైనా ఆ పేర్లు పడాలి.

ఫోటోల విషయంలో ఒక మాట బతిమాలి చెబుతున్నాం: లామినేషన్ చేయించకండి. వేడికి ఫోటోకు అతుక్కున్న ప్లాస్టిక్ మళ్ళీ ఊడిరాదు, లోపలి తేమ బయటికి పోదు. జిగురు పేజీల ఆల్బంలో అంటుకుపోయిన బొమ్మను పీకవద్దు, పేజీతో సహా స్కాన్ చేయాలి. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) చాలు. వెనక వివరాలు మెత్తటి పెన్సిల్‌తో రాయాలి. బాల్‌పెన్ను ఒత్తిడికి ముందువైపు గీతలు తేలతాయి. ఇచ్చినవారి ఫోటో అదే రోజు వారి చేతికి తిరిగి చేరాలి. ఒక్కసారి మాట తప్పితే రెండో ఇంటి తలుపు తెరుచుకోదు.

మూతపడిన థియేటర్ల అటకల మీద రీళ్ళ డబ్బాలు దొరకవచ్చు. మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంటే ఫిల్మ్ కుళ్ళడం మొదలైందని అర్థం. ఆ డబ్బాను మిగతా వాటి నుంచి వెంటనే వేరుచేసి, గాలి తగిలే చల్లటి చోట పెట్టాలి. పక్కనున్న రీళ్ళకూ ఆ ఆవిరి పాకుతుంది. ముచ్చట కొద్దీ ప్రొజెక్టర్ మీద ఆడించడం అసలే వద్దు. కుంచించుకుపోయిన ఫిల్మ్‌లో అంచు రంధ్రాలు పళ్ళచక్రానికి సరిపడక పర్రున చిరుగుతాయి. వెయ్యి అడుగుల రీలు అంటే 11 నిమిషాల సినిమా, దాన్ని పాడుచేయడానికి అరనిమిషం చాలు. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు రాసి, వాళ్ళు చెప్పినట్టు చేయాలి. 1950కి ముందటి రీళ్ళయితే నైట్రేట్ ఫిల్మ్ కావచ్చు, అది నిప్పంటుకుంటే నీళ్ళకు ఆరదు. ఇంట్లో ఉంచుకోవద్దు.

కొవ్వూరులోని గోష్పాద రేవు దగ్గర తెర కట్టి పాత సినిమా వేస్తే ఊరంతా వస్తుంది. మన చట్టం ప్రకారం సినిమా మీద హక్కు విడుదలైన ఏడాది గడిచాక 60 ఏళ్ళు ఉంటుంది. 1964లో వచ్చిన 'మూగమనసులు' సినిమాకు ఆ గడువు 2024తో ముగిసింది, 'సాక్షి'కి 2027 చివరిదాకా ఉంది. పాటల సాహిత్యం, కథల హక్కుల లెక్క వేరు. అది న్యాయవాదిని అడిగే తేల్చుకోవాలి. ఆ కాలపు బొమ్మ ఇంచుమించు చదరం. పది అడుగుల ఎత్తు తెర మీద దాని వెడల్పు పద్నాలుగు అడుగులకు లోపే. అటూ ఇటూ నల్లగా మిగిలిపోతే పోనివ్వండి. తెర నింపాలని సాగదీస్తే సావిత్రి గారి ముఖం వెడల్పయిపోతుంది, కోసేస్తే నుదుటి బొట్టు పైకి పోతుంది. నది గాలికి గుడ్డ తెర తెరచాపలా ఉబ్బుతుంది కాబట్టి నాలుగు మూలలే కాకుండా అడుగడుగునా తాడు వేసి చట్రానికి బిగించాలి.

ఇక చెట్టు. నిద్రగన్నేరు వేళ్ళు లోతుకన్నా అడ్డంగానే ఎక్కువ పాకుతాయి, గట్టు మట్టిని వరద కోసుకుపోతే అంత బరువైన గొడుగుకు పట్టు దొరకదు. మోడు మీద లేచిన చిగుళ్ళన్నీ కొమ్మలు కావాలని ఆశపడకూడదు. అవి బెరడు కిందే అతుక్కుని ఉంటాయి, బరువెక్కితే చీలిపోతాయి. ఎడంగా ఉన్న రెండు మూడు బలమైనవి ఉంచి మిగతావి తీసేయాలి. గింజ నాటితే దాని బిడ్డ వస్తుంది, కొమ్మ నాటితే అదే చెట్టు వస్తుంది. బొటనవేలి లావు కొమ్మలు అడుగు పొడవున కోసి, నీడలో వేళ్ళు పోయించి, వానలు మొదలవగానే గట్టు కోతకు గురికాని చోట, కరెంటు తీగలకు దూరంగా నాటాలి. పక్కన వేసే బోర్డు మీద ఊరు తయారుచేసిన పట్టిక ఉండాలి. సినిమా పేరు, ఏడాది, సీను రాసి, వాటి కిందే పడవ నడిపినవారి పేరూ రాయాలి.