ఊరుమ్మడి పొట్ట

ఈమధ్య కుర్రకారు ఒక కొత్త వాదం పట్టుకొచ్చారు. ఎవరి ఒళ్ళు వాళ్ళదట. లావయ్యావనీ సన్నబడ్డావనీ ఎదుటివాళ్ళని అనకూడదట. అంటే వాళ్ళ 'బాడీ ఇమేజ్' దెబ్బతింటుందట. విశాఖ ఎంవీపీ కాలనీలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు సంఘానికి ఆరేళ్ళుగా కార్యదర్శిని, లిఫ్టూ నీళ్ళ మోటారూ డాబా తాళమూ చేతిలో ఉన్నవాణ్ణి. బాధ్యత గల పౌరుడిగా ఈ వాదాన్ని ఖండిస్తున్నాను.

ఒళ్ళు ఎవరిదైనా కావచ్చు, పొట్ట మాత్రం ఊరుమ్మడిది. చెరువు లాంటిది. మట్టం పెరిగిందా తగ్గిందా అని చూసి చెప్పే హక్కు గట్టు మీద పోయే ప్రతివాడికీ ఉంటుంది. మా లిఫ్టులో పొద్దున్నే ఎవరూ నమస్కారం పెట్టరు. "ఏటండీ, ఒళ్ళు చేసినట్టున్నారు?" అంటారు. "అబ్బే, చొక్కా లూజండీ" అని జవాబు. మా బిల్డింగులో సుప్రభాతం ఇదే. ఫీజు లేకుండా, అడక్కుండా, కంటితోనే తూచి, పదిమంది ముందు ఫలితం ప్రకటించే ఇలాంటి వైద్యసేవ ఇంకెక్కడైనా ఉంటే చూపించండి.

ఆ లిఫ్టు గోడకి ఒక రేకు ఉంటుంది. 6 మంది, 408 కిలోలు. భాగిస్తే తలకి 68. అంటే లిఫ్టు తయారుచేసినవాళ్ళ దృష్టిలో మనిషంటే 68 కిలోలు. అంతకు మించితే మనిషీ, పైన కొంత సామానూ అన్నమాట. మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ బరువులెత్తే పోటీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ అయింది. పోటీ చేసింది 69 కిలోల విభాగంలో. మా లిఫ్టు లెక్కలో కిలో ఎక్కువ. ఆవిడ మా లిఫ్టెక్కి ఉంటే, పతకం మెడలో ఉన్నా సరే, మూడో అంతస్తు సత్యవతి గారు "రాత్రిపూట అన్నం మానెయ్యమ్మా" అని చెప్పకుండా దిగనిచ్చేవారు కాదు.

అందరికీ ఒకే న్యాయం కూడా కాదండోయ్. ఆర్కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామిని చూడండి. 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో రిటైరైంది, మరుసటేడు ఇసుక మీద చేరగిలబడింది. 91 మీటర్ల శరీరం. ఆ తర్వాత అంగుళం కదల్లేదు. అయినా జనం టిక్కెట్టు కొనుక్కుని మరీ దాని పొట్టలోకి దూరి, ఎంత బావుందో అనుకుంటూ బయటికొస్తారు. దగ్గర్లోనే టీయూ-142 విమానానిదీ అదే వైభోగం. నేనూ ముప్పై ఏళ్ళు సర్వీసు చేసే రిటైరయ్యాను. అదే బీచ్ పిట్టగోడ మీద పది నిమిషాలు కూచుంటే ముగ్గురు ఆగి చెప్పారు, "నడవాలి సార్, కూచుంటే ఎలా?" అని. ఆ మూడోవాడి చేతిలో మురీ మిక్స్చర్ పొట్లం ఉంది.

అంచేత పోయినేడు ఉగాది వెళ్ళాక మేం కొందరం కలిసి ఒక జట్టు కట్టాం. ఒకరికొకరు తోడుండి ఒళ్ళు తగ్గించుకోవడం ఉద్దేశం. ఈ ఆలోచన మాది కాదు. 1961లో న్యూయార్కులో జీన్ నైడెచ్ అనే గృహిణి ఆరుగురు స్నేహితురాళ్ళని ఇంటికి పిలిచి, తాను బిస్కెట్లు దాచుకుని తింటున్న సంగతి వాళ్ళ ముందు ఒప్పుకుంది. రెండేళ్ళకి అది వెయిట్ వాచర్స్ అనే పెద్ద వ్యాపారమై కూర్చుంది. పాపం, ఆవిడ తన బిస్కెట్ల గురించి మాత్రమే చెప్పుకుంది. మేం ఇంకో మెట్టు ఎక్కాం. ఎవరి బిస్కెట్ల గురించి వాళ్ళు కాకుండా పక్కవాళ్ళ బిస్కెట్ల గురించి చెప్పాలని నియమం పెట్టుకున్నాం. దానివల్ల పారదర్శకత పెరిగింది.

రోజూ పొద్దున్న వెయిట్ మిషను మీద నిలబడి అంకె ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. పెట్టకపోతే యాభై రూపాయలు. పెరిగితే వంద. పట్నాయక్ గారి ఫొటోల్లో అంకెతో పాటు ఒక కిటికీ ఊచ కూడా కనిపిస్తుండేది. ఆ ఊచని పట్టుకున్న చెయ్యి ఎవరిదో తేల్చడానికి రెండు వారాలు పట్టింది. స్టీల్‌ప్లాంటులో పనిచేసి వచ్చిన అప్పారావు గారు మిషన్ని గదికో చోట పెట్టి చూసి, వంటింట్లో నేల వాలుగా ఉన్నచోట కిలోన్నర తక్కువ చూపిస్తుందని కనిపెట్టారు. అప్పట్నుంచి ఆయన బరువు వంటింట్లోనే తగ్గుతూ వచ్చింది. ఏడు నెలల్లో జరిమానాల డబ్బు 6,400 అయింది. కార్తీకమాసంలో ఆ సొమ్ముతో ముడసర్లోవలో వనభోజనాలు చేశాం. గుత్తొంకాయ బావుంది. బూరెలు మాత్రం రెండో వాయి నూనె పీల్చాయి.

ఇక శాస్త్రం. బీఎంఐ, అంటే బాడీ మాస్ ఇండెక్స్ అని ఒక లెక్క ఉంది. కిలోల్లో బరువుని మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించాలి. దీన్ని 1830ల్లో కట్టినవాడు క్వెట్లెట్ అనే బెల్జియం పెద్దమనిషి. వైద్యుడు కాదు, నక్షత్రాలు చూసేవాడు. వేలమంది కొలతలు కలిపి సగటు మనిషి ఎలా ఉంటాడో తేల్చాలని ఆయన తాపత్రయం. ఒక్కొక్కణ్ణీ నిలబెట్టి నువ్వు లావు, నువ్వు సన్నం అనడానికి కట్టిన లెక్క కాదది. బీఎంఐ అన్న పేరు కూడా 1972లో యాన్సెల్ కీస్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు పెట్టిందే. ఈ వివరాలు గ్రూపులో పెడితే "అయితే మీ బీఎంఐ ఎంతండీ?" అని ఒక్క ప్రశ్నే వచ్చింది.

ప్రపంచానికి 25 దాటితే అధిక బరువు. 2009లో మన దేశపు వైద్యులు మనకి 23 చాలన్నారు. లండన్‌లో 24తో నిక్షేపంలా ఉన్న కుర్రాడు విశాఖ విమానాశ్రయంలో దిగేసరికి, సూట్‌కేసు ఇంకా బెల్టు మీదికి రాకముందే, అధిక బరువు మనిషైపోతాడు. నవ్వులాట కాదు, దీనికి కారణముంది. మనవాళ్ళకి కొవ్వు ముందు నడుం దగ్గర చేరుతుంది, తక్కువ బరువుకే షుగరు వస్తుంది. అందుకే నడుం కొలత మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటనివ్వద్దంటారు. ఆ టేపు డాక్టరు గారి గదిలో ఉండాల్సింది. మా దగ్గర పెళ్ళి భోజనాల వరసలో కూడా తిరుగుతుంది.

కొలతల్లో స్థానిక భేదాలు కూడా ఉన్నాయి. ఒక ఆదివారం పొద్దున్న భీమిలిలో మా పిన్ని గుమ్మంలోనే "ఏట్రా నాన్నా, అలా సిక్కిపోనావు, కోడలు పెట్టట్లేదేటి?" అని కళ్ళు తుడుచుకుంది. సాయంత్రం గాజువాకలో మా బావ "ఏం బావా, బాన దించేశావు" అని పొట్ట మీద చరిచాడు. మధ్యలో తిన్నది పిన్ని వడ్డించిన వంజరం పులుసు ఒక్కటే. అంటే విశాఖ తీరంలో ఉత్తరం నుంచి దక్షిణానికి దిగేకొద్దీ మనిషి బరువు పెరుగుతుందని నా పరిశీలన. భూమి ఆకర్షణ సంగతి తెలిసినవాళ్ళు ఆలోచించాలి.

నడక విషయానికొస్తే, తెల్లవారుజామున బీచ్ రోడ్డుని బళ్ళు రాకుండా ఆపి నడిచేవాళ్ళకి వదిలేస్తారు. కాళీమాత గుడి దగ్గర మొదలుపెడతాం. పట్నాయక్ గారికి రోజుకి పదివేల అడుగుల దీక్ష. ఆ పదివేలు ఏ వేదంలోనూ లేవు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం ఒకటి అమ్మకానికి పెట్టి, దానికి 'మన్‌పో-కెయి' అని పేరు పెట్టారు. పదివేల అడుగుల మీటరు అని అర్థం. అంకె గుండ్రంగా ఉంది, జనం నమ్మారు. పట్నాయక్ గారు ఎంత నమ్మారంటే, రాత్రి లెక్క తక్కువైతే ఫోను మనవడి ఉయ్యాలకి కట్టేస్తారు. ఆ పిల్లాడు నెలల వయసులోనే ఎన్నో లక్షల అడుగులు నడిచాడు.

వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అందులో ఎంతసేపు ఆగి ఎదుటివాళ్ళ నడుం గురించి మాట్లాడుకోవాలో మాత్రం చెప్పలేదు. ఆ లోటు మేం పూరించాం.

ఇక్కడ ఒక వైఫల్యం గురించి చెప్పాలి. నిజాయితీ అవసరం కదా. రెండో అంతస్తు రమ్య డిగ్రీ రెండో ఏడు. మే నెలలో, కాలేజీ సెలవులప్పుడు, "అంకుల్, నేనూ వస్తాను" అని మాతో చేరింది. కాస్త బొద్దుగా ఉంటుంది. నడకలో మాత్రం ఎప్పుడూ మాకన్నా పది గజాలు ముందే. అది మాకు నచ్చలేదని కాదు. కానీ సహకారం అందించాలంటే మనిషి అందాలి కదా. మొదటి రోజు సత్యవతి గారు దగ్గరికి పిలిచి "బంగారంలాంటి మొహమే నీది, ఒంట్లో కాస్త తగ్గావంటే లక్షణంగా ఉంటావు" అని ప్రోత్సహించారు. రెండో రోజు అప్పారావు గారు "బంగాళాదుంపల జోలికెల్లకమ్మా, నాన్రోజుల్లో తేడా సూడు" అన్నారు. పట్నాయక్ గారు ఎవరో తగ్గకముందు, తగ్గాక దిగిన ఫొటోలు పక్కపక్కన చూపించారు. నేనూ నా వంతు అన్నాను. ఏమన్నానో ఇక్కడ రాయను. ఇవేమీ సంఘం మినిట్సు కాదు.

నాలుగో రోజు రాలేదు. గ్రూపులోంచి వెళ్ళిపోయినట్టు వాట్సాపే సన్నగా, బూడిదరంగు అక్షరాల్లో చెప్పింది. ఈతరం పిల్లల్లో సహకార స్ఫూర్తి తక్కువని సభ్యులం ఏకగ్రీవంగా అభిప్రాయపడి, పూరీ తినడానికి వెళ్ళాం.

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ వచ్చింది. జట్టుగా వెళ్ళాం. కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, సీతమ్మధార, మాధవధార, గోపాలపట్నం మీదుగా కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. నిర్వహణపరంగా నాకు ఘోరమైన లోపాలు కనిపించాయి. లక్షలమంది నడుస్తున్నారు, ఒక్కచోటైనా బరువు చూసే ఏర్పాటు లేదు. ముసలివాళ్ళు, బాలింతలు, బానపొట్టలు, ఊచల్లాంటి మనుషులు, అందరూ కలిసిపోయి ఎవరి దారిన వాళ్ళు నడుస్తున్నారు. దారి పొడుగునా మజ్జిగ, పులిహోర, అరటిపళ్ళు పట్టుకుని నిలబడ్డవాళ్ళు మనిషి ఆకారం చూడకుండా చేతిలో పెట్టేస్తున్నారు. "ఇది నీకొద్దులే" అన్నవాడు ఒక్కడు లేడు. ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో తెలియక నేనూ రెండు గ్లాసులు తాగాను.

అప్పుఘర్ దాటాక నా మోకాళ్ళు పలకడం మానేశాయి. నా ముందు నడుస్తున్న ఆవిడ మా లిఫ్టు లెక్కన ఒకటిన్నర మనిషి. పెందుర్తి వైపు నుంచి వచ్చారట, కాళ్ళకి చెప్పుల్లేవు. వెనక్కి తిరిగి నన్ను చూసి ఆగారు. ఇప్పుడు నా పొట్ట గురించి ఏదో అంటారని ఊపిరి బిగబట్టి లోపలికి లాక్కున్నాను. అలవాటు. "ఉరకలెయ్యకు బాబూ. సామేటి పారిపోతాడా? ఈ పులిహోర తిని మెల్లిగా రా, నానిక్కడే ఉంటాను" అని డివైడరు మీద కూచున్నారు. నేను లేచేదాకా లేవలేదు. గోపాలపట్నం దాకా కలిసే నడిచాం. ఆవిడ బీఎంఐ అడగాలని నాకు గుర్తే రాలేదు. ఇలాంటి అశాస్త్రీయ వాతావరణంలో క్రమశిక్షణ ఎంత త్వరగా సడలిపోతుందో దీన్నిబట్టి తెలుస్తోంది.

సీతమ్మధార దగ్గర రమ్య కనిపించింది. నలుగురు స్నేహితురాళ్ళతో నవ్వుకుంటూ పోతోంది. సత్యవతి గారు చెయ్యెత్తి పిలిచారు. ఆ పిల్ల వేగం పెంచింది. మాకు అందలేదు.

పోయిన నెల సర్వసభ్య సమావేశంలో ఒక ఫిర్యాదు వచ్చింది. రాత్రి పదకొండింటికి డాబా మీద ఎవరో నడుస్తున్నారట. సత్యవతి గారి పనిమనిషి చూసిందట. నేనుండేది ఐదో అంతస్తులో, ఆ అడుగులు నా మంచం నెత్తినే పడతాయి. కాబట్టి నా దగ్గర సాక్ష్యముంది. పదకొండింటికి మొదలై ముప్పావు గంట, నీళ్ళ ట్యాంకు నుంచి ఆ చివర దాకా, మళ్ళీ వెనక్కి. మధ్యలో ఆగడం లేదు. వారానికి ఐదు రాత్రులు. అంటే 225 నిమిషాలు. మా జట్టు మొత్తం కలిపినా అంత లేదు. సమావేశంలో ఈ లెక్క నేను చెప్పలేదు, ఎజెండాలో లేదు గనక.

రాత్రి తొమ్మిదికల్లా డాబాకి తాళం పడాలని తీర్మానం చేశారు. కార్యదర్శిగా నేనే సంతకం పెట్టాను. తలుపు ఉంది, గొళ్ళెం ఉంది. తాళం కప్పే కనిపించడం లేదు. మూడు వారాలైంది. వయసు మీద పడ్డాక వస్తువులు ఎక్కడ పెడతామో తెలియదు. నిన్న లిఫ్టులో సత్యవతి గారు అడిగారు.

"తాళం దొరికిందాండీ?"

"వెతుకుతున్నానండీ."

ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా ఒకసారి చూశారు. "పోన్లెండి, ఆ వెతుకులాటలోనైనా కాస్త తగ్గినట్టున్నారు" అన్నారు.