జాబితాలో ఏడెనిమిది, ఊళ్లో రెండు మూడు

సోమవారం వచ్చిందంటే చాలు, 'ఈ వారం థియేటర్లలో సందడి చేసే చిత్రాలు' అని ఒక జాబితా వచ్చేస్తుంది. పెద్ద హీరో సినిమా ఉంటే ఫొటోతో సహా పైన, మిగతావి కింద రెండేసి వాక్యాలతో. తేదీ, హీరో, హీరోయిన్, దర్శకుడు, ట్రైలర్ గురించి నాలుగు మంచి మాటలు. తిరుపతిలో కూర్చుని చదివేవాడికి అది సగం సమాచారమే. జాబితాలో ఏడెనిమిది పేర్లుంటాయి. శుక్రవారం పొద్దున బుకింగ్ యాప్ తెరిస్తే ఊళ్లో కనిపించే కొత్త సినిమాలు రెండో మూడో. మిగిలినవాటిలో కొన్ని హైదరాబాద్ మల్టీప్లెక్సుల్లో పడి ఉంటాయి. కొన్ని తిరుపతికి వచ్చినట్టే వచ్చి ఒక్క షోతో సరిపెట్టుకుంటాయి. చిత్తూరు, పలమనేరు దాకా వచ్చేవి ఇంకా తక్కువ.

సినిమా తలరాతను ఇప్పుడు తేల్చేవి నాలుగు సంగతులు. ఏ థియేటర్, ఏ షో, టికెట్ ఎంత, ఎన్నాళ్లు ఉంటుంది. జాబితాలో ఈ నాలుగింటిలో ఒక్కటీ దొరకదు. నన్నడిగితే నాలుగోదే అసలు విషయం. తెలుగులో సినిమాలు మరీ ఎక్కువైపోయాయని ఇండస్ట్రీలో కొందరు వాపోతుంటారు. ఎక్కువైతే అయ్యాయి, వచ్చిన సినిమా నిలదొక్కుకోవడానికి రెండో వారం అనేదే లేకుండా పోయింది. చిన్న సినిమాను చంపుతున్నది అదే.

ముందు ఈ వారం లెక్క ఎక్కడ తేలుతుందో చూద్దాం. సినిమా వ్యాపారంలో తిరుపతి, చిత్తూరు సీడెడ్ కిందికి, అంటే రాయలసీమ ఏరియా కిందికి వస్తాయి. సీడెడ్ హక్కులు కొన్న బయ్యర్, థియేటర్‌ను లీజుకు తీసుకున్న మనిషి, నిర్మాత కలిసి మాట్లాడుకుంటే ఇక్కడ బొమ్మ పడుతుంది. బయ్యర్ దొరకని చిన్న సినిమాకు నిర్మాతే అన్నీ చూసుకోవాలి. థియేటర్ అద్దె ఆయనదే, వాల్ పోస్టర్లు ఆయనవే, క్యూబ్, యూఎఫ్‌ఓ లాంటి డిజిటల్ కంపెనీలకు తెర మీద బొమ్మ వేసినందుకు కట్టే వీపీఎఫ్ (వర్చువల్ ప్రింట్ ఫీజు) కూడా ఆయన నెత్తినే. ఈ వీపీఎఫ్ భారం తగ్గించాలనే 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలు థియేటర్లకు సినిమాలు ఇవ్వడం ఆపేశారు. కొన్నాళ్లు హాళ్లు మూతపడ్డాయి, తర్వాత రాజీ కుదిరింది. భారం మాత్రం పూర్తిగా పోలేదు.

అద్దె సంగతి మరీ తిరకాసు. సింగిల్ స్క్రీన్‌కు వారానికి ఇంత అని మాట్లాడుకుంటారు. వచ్చిన కలెక్షన్ అద్దెకు చాలకపోతే ఆ తేడా సినిమా వేసినవాళ్లే కట్టాలి. దాన్నే డెఫిసిట్ అంటారు. ఖాళీ కుర్చీలకు నిర్మాత తన జేబులోంచి టికెట్ కొన్నట్టన్నమాట. 2025 మేలో ఎగ్జిబిటర్లు, అంటే థియేటర్లు నడిపేవాళ్లు, ఈ అద్దె పద్ధతి మాకొద్దు, కలెక్షన్‌లో పర్సంటేజీ ఇవ్వండి, లేకపోతే జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తాం అన్నారు. సినిమా జోరుగా ఆడే మొదటి వారం అద్దె చేతిలో పెడతారు, జనం పలచబడ్డాక పర్సంటేజీకి మారతారు, లాభం మీకు నష్టం మాకా అన్నది వాళ్ల గోడు. బంద్ జరగలేదు, చర్చలంటూ సర్దుకున్నారు.

ఆ గొడవలో ఎగ్జిబిటర్ల వైపే న్యాయం ఎక్కువ ఉందని నాకనిపించింది. అయితే అప్పుడు పెద్దగా చర్చకు రాని సంగతి ఒకటుంది. అద్దె మీద నడిచే హాలుకు పాత సినిమాను నిలబెట్టాలన్న ఆశ ఎందుకుంటుంది? పాతదాన్ని తీసేసి కొత్తది వేస్తే కొత్త అద్దె ఖాయం. అదే మొదటి వారం నుంచీ పర్సంటేజీ అయితే, ఆదివారం నుంచి మెల్లగా పుంజుకుంటున్న సినిమాను ఇంకో వారం ఉంచితే తనకూ నాలుగు డబ్బులు మిగులుతాయని మేనేజర్ ఆలోచిస్తాడు. రెండో వారం బతికేది ఆ ఆలోచనతోనే.

ఇది కాగితం మీద లెక్క. హాలు దగ్గర ఎలా ఉంటుందంటే, ఊళ్లోనే ఒక థియేటర్‌లో పెద్దగా పేరు లేని వాళ్ల సినిమా మ్యాట్నీకి వెళ్లాను. శుక్రవారమే. గేటు పక్క గోడ మీద ఆ సినిమా పోస్టర్ సగమే ఉంది, మిగతా సగం మీద వచ్చే వారం పెద్ద సినిమా పోస్టర్ అప్పుడే అంటించేశారు. జిగురు ఇంకా ఆరలేదు. బయట నలుగురు కాలేజీ కుర్రాళ్లు, ఒక పెద్దాయన. కౌంటర్‌లో అబ్బాయి టికెట్ ఇవ్వకుండానే చెప్పాడు: "ఇంగో ఐదు మంది వస్తే బొమ్మేస్తాం సార్, లేకుంటే దుడ్లు ఎనక్కిస్తాం." బుకింగ్ యాప్‌లో ఆ షో పచ్చగా, టికెట్లు ఉన్నాయనే చూపిస్తోంది. పది నిమిషాలు చూసి కుర్రాళ్లు పక్క హాల్లో పోయిన వారం సినిమాకు వెళ్లిపోయారు. షో పడలేదు. ఆ నిర్మాత లెక్కల్లో మాత్రం అది 'తిరుపతిలో విడుదలైన సినిమా'. రివ్యూలు చదివి, ఎవరో చెబితే విని, ఆదివారం వద్దామనుకున్నవాళ్లకు ఆ హాల్లో శనివారానికే ఆ సినిమా లేదు.

నోటి మాట చేరడానికి పెద్ద సినిమాకు ఒక పూట చాలు. చిన్న సినిమాకు నాలుగైదు రోజులు పడుతుంది. చిక్కంతా ఇక్కడే. చూసినవాళ్లే తక్కువ, వాళ్లు ఇంకొకరికి చెప్పేలోపు సినిమా వెళ్లిపోతోంది.

దీనికి తోడు పెద్ద సినిమా తేదీ మారితే జరిగే గందరగోళం ఒకటి. 2025 డిసెంబర్ 5న రావాల్సిన 'అఖండ 2' కోర్టు చిక్కుల్లో పడి ఆఖరి నిమిషంలో ఆగింది. ముందు రోజు రాత్రి ప్రీమియర్లు కూడా రద్దయ్యాయి. వారం తర్వాత 12న వచ్చింది. ఆ 12వ తేదీనే నమ్ముకున్న చిన్న సినిమాల పరిస్థితి ఏమిటి? 'మోగ్లీ' ఒక రోజు వెనక్కి జరిగి 13న విడుదలైంది. ఒక రోజే కదా అనుకోవచ్చు. పోస్టర్ల మీద తేదీ మార్చాలి, థియేటర్లతో మళ్లీ మాట్లాడాలి, శుక్రవారం ఓపెనింగ్ వదులుకోవాలి. పెద్దవాళ్ల ఆర్థిక లావాదేవీల గొడవలో వీళ్ల తప్పేముంది? ఆ సోమవారం జాబితా చదివి ప్లాన్ వేసుకున్నవాళ్ల సంగతి సరేసరి.

తిరుపతి సంగతులు కొన్ని ఈ ఊరికే ప్రత్యేకం. ఈ వారం ఏ సినిమా వస్తోందో తెలుసుకోవడానికి మాకు జాబితా అక్కర్లేదు. వీఐపీ బ్రేక్ దర్శనం చేసుకుని, రంగనాయకుల మండపంలో ఆశీర్వచనం తీసుకుని, శేషవస్త్రం భుజాన వేసుకుని ఆలయం బయట మైకుల ముందు నిలబడేది ఎవరో చూస్తే తెలిసిపోతుంది. కొండ మీదికి వచ్చిన సినిమాలన్నీ కొండ కింద థియేటర్లోకి రావడం లేదన్నదే విచిత్రం. 2015లో 'బాహుబలి' పాటల వేడుక, 2023లో 'ఆదిపురుష్' ప్రీ రిలీజ్ ఈవెంట్ ఎస్వీ యూనివర్సిటీ మైదానంలోనే జరిగాయి. ఇంత హడావుడి చేసే ఊరికి మామూలు శుక్రవారం దక్కేది రెండు కొత్త సినిమాలు.

చిత్తూరు వైపు వెళ్తే లెక్క ఇంకో రకం. నగరి, పుత్తూరు, సత్యవేడు ప్రాంతాల్లో చాలామందికి తమిళం ఇంటి భాష. అభిమాన హీరో సినిమాను డబ్బింగ్‌లో చూడటానికి అక్కడి ప్రేక్షకుడు ఇష్టపడడు. తమిళంలోనే చూడాలంటే చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణం. 2025 ఆగస్టు 14న రజనీకాంత్ 'కూలీ', ఎన్టీఆర్ నటించిన 'వార్ 2' ఒకే రోజు వచ్చాయి. ఒకటి తమిళ సినిమా, ఒకటి హిందీ సినిమా. స్వాతంత్ర్య దినోత్సవం సెలవుల్లో మన హాళ్లను ఈ రెండే పంచుకున్నాయి. తప్పేమీ లేదు, జనం చూసేది వేయాల్సిందే. కాకపోతే ఆ వారం జాబితా కింది వరసలో ఉన్న తెలుగు సినిమా పేరు సీడెడ్‌లో ఎంతమందికి తెలిసిందన్నది ఆలోచించుకోవాలి.

నిజానికి పెద్ద సినిమాకు ఊళ్లో హాళ్లన్నీ కావాలా? దాని ప్రేక్షకుడు ఎంత దూరమైనా వెళ్తాడు. సూళ్లూరుపేటలో 2019లో సుమారు వంద అడుగుల వెడల్పు తెరతో కట్టిన వీ ఎపిక్ థియేటర్‌కు తిరుపతి నుంచే కాదు, చెన్నై నుంచి కూడా కార్లేసుకుని వస్తారు. ఎర్రచందనం కథ, మన యాస మాట్లాడే హీరో, గంగమ్మ జాతర వేషం ఉన్న 'పుష్ప 2'కు 2024 డిసెంబర్ 4 రాత్రి షో టికెట్ 800 రూపాయలంటే కొని మరీ వెళ్లారు. చిన్న సినిమా ప్రేక్షకుడు అలా కాదు. పక్క వీధి హాల్లో, సాయంత్రం ఖాళీ దొరికినప్పుడు, వంద రూపాయల్లో అయితే వెళ్తాడు. అందుకే పక్క వీధి హాలు ఆ సినిమాకు అవసరం.

రేట్ల సంగతికి వస్తే, ఆంధ్రప్రదేశ్ రెండు చివరలూ చూసింది. 2021 ఏప్రిల్‌లో ఇచ్చిన జీవో 35 ప్రకారం పంచాయతీల్లో నాన్ ఏసీ హాల్లో నేల టికెట్ 5 రూపాయలు. అది మరీ అన్యాయం, కరెంటు బిల్లుకు కూడా రాదు. 2022 మార్చిలో జీవో 13తో రేట్లు సవరించారు. భారీ బడ్జెట్ సినిమాలకు మొదట్లో కొన్ని రోజులు పెంచుకునే వీలూ ఇచ్చారు. ఆ తర్వాత ప్రతి పెద్ద సినిమాకూ ప్రత్యేక జీవో మామూలైపోయింది. 2025 సంక్రాంతికి 14 రోజుల పెంపునకు ప్రభుత్వం అనుమతిస్తే, హైకోర్టు దాన్ని 10 రోజులకు కుదించింది.

పన్ను లెక్క కూడా చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వంద రూపాయల వరకు ఉన్న టికెట్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. వంద దాటితే 18 శాతమే. అంటే వంద టికెట్‌కు చూసేవాడు కట్టేది 105. దాని మీద యాభై పెంచితే 150, పన్నుతో 177. పెంచింది యాభై, జేబుకు పడింది 72. నలుగురున్న ఇంటికి 288 రూపాయలు అదనం. మధ్యతరగతి ఇల్లాలు ఏం చేస్తుంది? 'పది రోజులాగి వెళ్దాం' అంటుంది. పదకొండో రోజుకు ఆ సినిమాకు మిగిలేది ఒకటో రెండో షోలు, అదీ సెకండ్ షో. చాలా సినిమాలు నాలుగు వారాలకే ఓటీటీలో ప్రత్యక్షం. ఇక థియేటర్‌కు వెళ్లేదెప్పుడు? పెద్ద సినిమాలు కూడా ఇలా తమ రెండో వారాన్ని తామే పాడుచేసుకుంటున్నాయి. కుటుంబాలు థియేటర్‌కు రావడం లేదని ఏడ్చే నిర్మాతలు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే బాగుంటుంది.

నిలబడే అవకాశం దొరికితే ఏం జరుగుతుందో సంక్రాంతి చూపిస్తుంది. పండగ సెలవులు పొడుగ్గా ఉంటాయి కాబట్టి ఆ పది రోజుల్లో రెండో వారానికి చోటుంటుంది. 2024 జనవరి 12న 'గుంటూరు కారం'తో ఒకే రోజు వచ్చిన 'హనుమాన్'కు మొదట హాళ్లు సరిగా దక్కలేదని పెద్ద రచ్చే అయింది. తర్వాత టాక్‌తో తనే హాళ్లు పెంచుకుంది. 2025లో 'గేమ్ ఛేంజర్' 10న, 'డాకు మహారాజ్' 12న వస్తే, 14న వచ్చిన 'సంక్రాంతికి వస్తున్నాం' ఆ రెండింటినీ దాటేసింది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి. అదే సినిమా ఏ జూలైలోనో, మరో నాలుగింటితో కలిసి ఒక శుక్రవారం వచ్చి ఉంటే అంత దూరం వెళ్లేదా? హీరో వెంకటేశ్ కాబట్టి వెళ్లేదేమో. కొత్త హీరోకైతే కష్టం.

జీవో 13లోనే ఒక మంచి మాట ఉంది. ఐదో షోకు అనుమతిస్తూ, ఉదయం 11 నుంచి రాత్రి 9 లోపు ఒక షో చిన్న బడ్జెట్ సినిమాకు ఇవ్వాలన్నారు. తిరుపతిలో ఏ హాల్లోనూ ఇది చిన్న సినిమాకు కేటాయించిన షో అని నేను చూసిన పాపాన పోలేదు. ఆ ఒక్క షోను నిజంగా అమలు చేస్తే, అదీ ఫస్ట్ షో వేళకు దగ్గరగా, యూనివర్సిటీ పిల్లలు తరగతులయ్యాక వచ్చే వేళకు పెడితే, ఒక చిన్న సినిమా రోజుకొక్క షోతో రెండు వారాలు ఆడగలదు. రోజుకు నాలుగు షోలతో రెండు రోజులు ఆడటం కన్నా అది మేలు. మొత్తం షోల సంఖ్య కూడా ఎక్కువే, ఎనిమిదికి బదులు పద్నాలుగు.

జాబితాలు రాసేవాళ్లకు కూడా ఒక విన్నపం. కొత్త పేర్లతో పాటు కింద నాలుగు వరసలు పోయిన వారం సినిమాలకు కేటాయించండి. ఏది ఇంకా ఆడుతోంది, సీడెడ్‌లో ఎక్కడ, ఏ షో. తిరుపతిలో ఒకటి, చిత్తూరులో ఒకటి చెప్పినా చాలు. థియేటర్ వాళ్లకు ఫోన్ చేస్తే తెలిసిపోయే సంగతే.

ప్రయోగం చేయాలనుకుంటే దసరా వద్దు. బ్రహ్మోత్సవాలు దాదాపు అప్పుడే వస్తాయి, గరుడ సేవ నాటి సాయంత్రం ఊరు సగం అలిపిరి దారిలోనే ఉంటుంది. ఫిబ్రవరి చివర, మార్చి మంచి సమయం. ఇంటర్, టెన్త్ పరీక్షలని పెద్ద సినిమాలు అటు తక్కువే వస్తాయి. హాళ్లు ఎలాగూ ఖాళీ, డెఫిసిట్ ఎలాగూ తప్పదు. ఆ ఐదారు వారాలు అద్దె పక్కనపెట్టి, పర్సంటేజీ మీద, ఒక్కో హాల్లో ఒక్కో చిన్న సినిమాకు సాయంత్రం షో పదిహేను రోజులు కదలకుండా ఉంచి చూడొచ్చు.