ఓడ ఒకరిది, చందా అందరిదీ

శాస్త్ర పరిశోధన కోసం ఓడ మీద నుంచి సముద్రగర్భాన్ని తవ్వి పైకి తీసే కోర్, అంటే స్తంభంలాంటి మట్టి, రాతి నమూనా, గరిష్ఠంగా తొమ్మిదిన్నర మీటర్ల పొడవుంటుంది. దాన్ని డెక్ మీదే మీటరున్నర ముక్కలుగా కోసి, ఆపైన నిలువునా చీల్చి, ఒక సగాన్ని భద్రపరుస్తారు, రెండో సగం నుంచి పరిశోధకులు నమూనాలు తీసుకుంటారు. నమూనాలు తీసే ఆ బల్ల దగ్గర ఏయే దేశాల శాస్త్రవేత్తలు నిలబడతారన్నది మాత్రం ఓడ రేవు దాటకముందే చందాల లెక్కలో తేలిపోతుంది.

1968లో గ్లోమర్ ఛాలెంజర్ ఓడతో అమెరికా ఒంటరిగా మొదలుపెట్టిన ఈ పనిలోకి 1975 నుంచి సోవియట్ యూనియన్, పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్, జపాన్ తలా ఏడాదికి పది లక్షల డాలర్లు కట్టి చేరాయి. చందాను బట్టి ఓడలో శాస్త్రవేత్తలకు బెర్తులు, ప్రణాళికా సంఘాల్లో చోటు అన్న పద్ధతి ఆ తర్వాతా కొనసాగింది. యాత్రలో పాల్గొన్నవారికి ప్రత్యేకించిన ఏడాది గడువు తీరాక నమూనాలను ఇతరులూ అడిగి తీసుకోవచ్చు. కాబట్టి సభ్యదేశం డబ్బిచ్చి కొనేది మట్టిని కాదు, ఎక్కడ తవ్వాలో, ఎందుకు తవ్వాలో నిర్ణయించేచోట తన మాట చెల్లుబాటయ్యే వీలును.

ఒంటరిగా ఆ స్తోమత లేని ఐరోపా దేశాలు 2003లో ఎకార్డ్ పేరుతో చేతులు కలిపాయి. జర్మనీ, బ్రిటన్, ఫ్రాన్స్ పెద్ద వాటాలు భరిస్తే, చిన్న దేశాలు తమ శక్తి కొద్దీ ఇస్తాయి. ఉమ్మడి నిధికి సొంత ఓడ లేదు, అవసరాన్ని బట్టి అద్దెకు తెస్తారు. 2004లో ఆర్కిటిక్‌లోని లొమొనోసొవ్ శిఖరశ్రేణి మీద ఒక ఓడ డ్రిల్లింగ్ చేస్తుంటే, దాని మీదికి కొట్టుకొచ్చే మంచు పలకలను రష్యా, స్వీడన్ ఐస్‌బ్రేకర్లు రెండూ పగలగొడుతూ కాపు కాశాయి. ఇన్ని ఓడల ఖర్చు ఏ చిన్న దేశమూ తానొక్కతే మోయగలిగేది కాదు.

చిక్కంతా అమెరికా నడిపిన డ్రిల్లింగ్ ఓడ జాయిడెస్ రిజల్యూషన్ విషయంలో బయటపడింది. ఏటా దాదాపు 4.8 కోట్ల డాలర్లు అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషనే పెట్టేది. భాగస్వాముల చందాలు ఖర్చులతోపాటు పెరగలేదు. 2023 మార్చిలో ఆ ఓడను నడిపే ఒప్పందాన్ని పొడిగించబోమని ఫౌండేషన్ ప్రకటించింది. 2024 ఆగస్టులో చివరి యాత్ర ముగిసింది. చందాదారులకు బెర్తు మీద హక్కుందే తప్ప ఓడ భవితవ్యం మీద లేదు. నిజానికి తక్కువ చందాతో ఎక్కువ సైన్స్ దక్కుతోందని సంబరపడిన దేశాలకు, ఆ చవక వెనకున్నది ఒక్క దాత ఔదార్యమేనని ముందే తెలియాల్సింది.

2025 నుంచి ఎకార్డ్, జపాన్ కలిసి కొత్త సముద్ర డ్రిల్లింగ్ కార్యక్రమం నడుపుతున్నాయి. నగదుకు బదులు ఓడనే వాటాగా ఇచ్చే పద్ధతికి ఇందులో ప్రాధాన్యం పెరిగింది. 2021లో జపాన్ దగ్గరి లోతైన సముద్ర అగాధం జపాన్ ట్రెంచ్ యాత్రకు కైమెయ్ ఓడ అలాగే సమకూరింది. పొదుపైన మార్గమే, కాదనలేం. అయితే అలా వచ్చిన ఓడ యాత్ర ముగియగానే సొంత పనికి వెళ్లిపోతుంది, ఏడాది పొడవునా తవ్వకం సాగాలంటే దానికి వేరే నిధి కావాలి. ఈలోగా చైనా 2024 నవంబరులో మెంగ్ షియాంగ్ అనే సొంత డ్రిల్లింగ్ ఓడను సేవలోకి తెచ్చింది. మిగతా దేశాలు అందులో బెర్తులు అడిగేటప్పుడైనా, చందా ఎంతన్న బేరంతోపాటు ఓడను ఆపేసే నిర్ణయంలో తమకు పాత్ర ఉంటుందా అన్నదీ ఒప్పందంలో రాయించుకోవాలి.